నైటీ మీద తువ్వాలు

మార్చి రెండో వారం దాటిందంటే చాలు, ఆడవాళ్ళ పేజీల్లో, ఫోన్‌లో, ఆఖరికి ఆఫీసు మెయిల్లో కూడా ఒకే రకం వ్యాసం మొదలవుతుంది. ఎండాకాలంలో బిజీగా ఉండే తల్లుల కోసం పది చిట్కాలు. లేతరంగు నూలు బట్టలు వేసుకోండి. నీళ్ళు బాగా తాగండి. బయటికి వెళ్ళేముందు సన్‌స్క్రీన్ రాసుకోండి, మధ్యలో మళ్ళీ రాసుకోండి. పొద్దున్నే అరగంట నడవండి. పళ్ళు కోసి డబ్బాలో పెట్టుకోండి. టిఫిన్ మానకండి. పడుకునేముందు ఓ పది నిమిషాలు మీకోసం మీరు ఉంచుకోండి.

వీటిలో తప్పు మాట ఒక్కటీ లేదు. డాక్టరు కాదనడు, అమ్మమ్మ కాదనదు. అందుకే నాకు అనుమానం. ఎవరూ కాదనని సలహా, ఎవరూ పాటించని సలహా, ఏడాదికోసారి అదే కొత్తగా అచ్చవుతోందంటే, ఆ సలహా చేసే పని వేరే ఏదో ఉండాలి.

నేను ఈ వ్యాసాలకి కొలిచి కుట్టినట్టు సరిపోయే పాఠకురాలిని. ముప్పై ఐదు దాటాయి. ఆరేళ్ళ కూతురు. మెట్టుగూడలో ఇల్లు, రాయదుర్గంలో ఉద్యోగం, మధ్యలో మెట్రో బ్లూ లైన్. ఇంట్లో నాతో పాటు మా ఆయన, మా అమ్మ. అంటే ఒకే వంటింట్లో ఇద్దరు 'బిజీ తల్లులు', రెండు తరాల వాళ్ళు. ఈ వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు వ్యాకరణం గుర్తొస్తుంది. చెప్పేది ఎవరికి? తల్లికి. ఎవరి గురించి? తల్లి గురించి. చెయ్యాల్సింది ఎవరు? తల్లే. ఇంట్లో మిగతా మనుషులు ఆ వాక్యాల్లో ఎక్కడా కర్తలుగా కనపడరు.

అక్కణ్ణుంచే నా ప్రశ్న. ఒక మనిషి తన ఒంటిని తాను చూసుకోవడం ఎవరి బాధ్యత? ఆ మనిషిదేనా? "నాకేం కాదులే" అని ఆమే వదులుకుంటే, విషయం అక్కడితో తీరిపోయినట్టేనా?

*

ముందు లెక్క చూద్దాం, నా వృత్తి అలాంటిది కాబట్టి. నడక 30 నిమిషాలు. పళ్ళు, సలాడ్ 20. సన్‌స్క్రీన్, ముఖం సంగతులు 15. కూర్చుని తినే టిఫిన్ 15. రేపటి బట్టలు రాత్రే తీసి పెట్టుకోవడం 10. 'మీకోసం మీరు' 10. మొత్తం గంటా నలభై నిమిషాలు. ఏ పూటలోంచి తియ్యాలి?

కేంద్ర ప్రభుత్వం చేసే సమయ వినియోగ సర్వే 2019లో ఒకసారి, 2024లో ఒకసారి జరిగింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్ళలో, 2019లో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. 2024లో ఆడవాళ్ళు 289, మగవాళ్ళు 88. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, పది నిమిషాల డెలివరీలు పెరిగిన అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు మిగిలాయి, మగవాళ్ళకి తొమ్మిది మిగిలాయి. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఒక్క నిమిషం! పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునే సమయం ఇందులో లేదు, అది వేరే పద్దు.

ఇంజనీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి 'స్టార్వేషన్' అనే మాట గుర్తుంటుంది. ప్రాసెసర్ ఒక్కటే, పనులు చాలా. ప్రాధాన్యం ఎక్కువున్న పనులు వస్తూనే ఉంటే, ప్రాధాన్యం తక్కువున్న పని వరుసలో అలాగే ఆకలితో నిలబడిపోతుంది. దానిలో లోపమేమీ ఉండదు, దాని వంతు రాదంతే. దీనికి పుస్తకంలో చెప్పే మందు 'ఏజింగ్'. ఎంతసేపు వేచి ఉంటే అంత ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, ఆ పెంచడం వేచి ఉన్న పని చేతిలో ఉండదు. వంతులు వేసేవాడు చెయ్యాలి. చిట్కాల వ్యాసం మాత్రం వరుసలో నిలబడ్డదాని దగ్గరికే వెళ్ళి, "నువ్వు ఇంకాస్త పట్టుదలగా ఉండాలమ్మా" అంటుంది. ఇళ్ళల్లో జరిగేది ఏజింగ్‌కి సరిగ్గా తలకిందులు. ఎంత కాలం వాయిదా పడితే ఆ వాయిదా అంత అలవాటైపోతుంది.

*

ఇక ఎండ. వేసవి సలహాలన్నిటిలోనూ ఎండ బయట ఉంటుంది. పన్నెండు నుంచి మూడు దాకా బయటికి పోకండి, గొడుగు పట్టుకోండి, టోపీ పెట్టుకోండి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోయారు. కాబట్టి ఆ హెచ్చరికల్ని తేలిగ్గా తీసుకోమని నేననను. కానీ మా అమ్మ ఎండాకాలం అంతా గడపేది నీడలోనే. ఆమె సూర్యుడు స్టవ్ మీద ఉంటాడు.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనిచేసేచోట గాలి ఎలా ఆడాలో, వేడి ఏ మేరకు ఉండాలో ఒక సెక్షన్‌లో రాసింది. తాగేనీళ్ళ గురించి ఇంకో సెక్షన్. 250 మందికి మించి పనిచేసేచోట ఎండాకాలంలో నీళ్ళు చల్లబరిచి ఇచ్చే ఏర్పాటు ఉండాలని కూడా రాసింది. లోహం కరిగేచోట మనిషికి దాహమేస్తుందని చట్టం గుర్తించింది. అదే సమయానికి రోడ్డుకి ఇవతల క్వార్టర్స్‌లో, నాన్న డబ్బా కోసం అమ్మ రొట్టెలు కాల్చేది. ఆ గదికి ఏ సెక్షనూ లేదు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్. బెడ్రూముల్లో ఏసీ ఉంది, హాల్లో కూలర్ ఉంది. వంటింట్లో ఏసీ ఉన్న ఇల్లు నా చుట్టుపక్కల నేను చూడలేదు. ఫ్యాన్ కూడా ఉండదు, మంట ఆరిపోతుందని. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పోపు ఘాటుని బయటికి తోస్తుంది కానీ నిలబడ్డ మనిషికి గాలి తగలనివ్వదు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. ఆ చెమట ఆవిరవ్వాలి. కుక్కర్ నాలుగు కూతలు కూసి, అన్నం గంజి వార్చిన చిన్న గదిలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట కారుతుందే తప్ప ఆరదు. బయట నలభై రెండు డిగ్రీలని టీవీ చెబుతుంది. లోపల ఎంతో చెప్పేవాళ్ళు లేరు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాలుల జాగ్రత్తల్లో ఒక మంచి మాట ఉంది. ఎండ ముదిరిన వేళ వంట చెయ్యొద్దనీ, వండేచోట తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టుకోమనీ. నాకు తెలిసినంతలో వంటింటిని ఎండ లెక్కలోకి తీసుకున్న అరుదైన వాక్యం ఇది. అయితే ఆ వాక్యం కూడా వండేవాళ్ళతోనే మాట్లాడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి వేడివేడి అన్నం కావాలనేవాళ్ళతో ఎవరు మాట్లాడాలి?

*

ఫ్యాషన్ సంగతికి వద్దాం. వేసవి స్టైల్ అని రాసేవాళ్ళు ఏం చెబుతారు? వదులుగా, గాలాడేలా, నూలుతో, నడుం దగ్గర బిగుతు లేకుండా. దానికి కఫ్తాన్ అనో మాక్సీ అనో పేరు పెట్టి, ఫోటోలో సముద్రం ఒడ్డున నిలబెడతారు. ఈ లక్షణాలన్నీ ఉన్న బట్ట మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చింది. దాని పేరు నైటీ. కాటన్‌ది, ఉతికితే గంటలో ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, కుచ్చిళ్ళు స్టవ్ మీద పడవు, చంటిపిల్లలున్నవాళ్ళకి ముందు జిప్ ఉంటుంది. ఏ డిజైనరూ కూర్చుని ఆలోచించకపోయినా, పనిలో మునిగిన తల్లికి ఎండాకాలంలో ఏం కావాలో ఆ బట్టకి తెలుసు. పేరుకి రాత్రి బట్ట, పని మాత్రం పగలు.

అయినా దాన్ని ఎవరూ స్టైల్ అనరు. జోకులు వేస్తారు. మెట్టుగూడ సందుల్లో పొద్దున్న పాలప్యాకెట్‌కో, కొత్తిమీరకో వచ్చే ఆడవాళ్ళని చూడండి. నైటీ, దాని మీద అడ్డంగా ఒక తువ్వాలు లేదా రంగు కలవని చున్నీ. మా ఇంట్లో డైనింగ్ కుర్చీ వీపు మీద ఒక తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది, చేతులు తుడుచుకునేది కాదు. సిలిండర్ అబ్బాయి బెల్ కొడితే అమ్మ అది కప్పుకుని తలుపు తీస్తుంది. నలభై రెండు డిగ్రీల్లో, నూలు మీద మరో నూలు. మెడకి గాలి తగిలే కాస్త చోటూ మూసేసుకుని.

ఆ తువ్వాలు ఒక పన్ను అని నాకనిపిస్తుంది. సుఖంగా ఉన్నందుకు కట్టే పన్ను. పన్ను కట్టనంటే ఏమవుతుందో 2018లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో తెలిసింది. పగలు ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆడవాళ్ళు నైటీతో బయట కనపడకూడదని ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టారు. కనపడితే 2,000 రూపాయలు జరిమానా. చూసి చెప్పినవాళ్ళకి 1,000 రూపాయలు బహుమానం. విషయం బయటికొచ్చి అధికారులు, పోలీసులు ఆ ఊరికి వెళ్ళారు. ఆ వార్త మీద అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నన్ను ఆపింది మాత్రం ఆ వేళలు. ఏడు నుంచి ఏడు. అంటే ఎండ ఉన్న ప్రతి గంటా. లుంగీ, బనియన్‌తో అరుగు మీద కూర్చున్నవాళ్ళ గురించి నాకు తెలిసి ఆ ఊళ్ళో ఏ కమిటీ వెయ్యలేదు, వెయ్యాలని నేనూ అనడం లేదు. ఎండకి అందరి ఒళ్ళూ ఒకలాగే కాలుతుంది. చల్లగా ఉండే అనుమతి మాత్రం అందరికీ ఒకలా లేదు.

నైటీ నచ్చకపోవడానికి కారణం అందంగా లేకపోవడమే అయితే తువ్వాలు కప్పినంత మాత్రాన అందం రాదు కదా. ఇబ్బంది వేరే ఉంది. చీర, పంజాబీ డ్రెస్ ఎదుటివాళ్ళ కోసం కూడా కట్టుకునేవి. నైటీ పూర్తిగా తనకోసం. తల్లి ఒంటి మీద ఉన్నవాటిలో ఎవరి కోసమూ కానిది అదొక్కటే. అందుకే దానికి సంజాయిషీ కావాలి.

*

నీళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. "దాహం వెయ్యకపోయినా తాగండి" అన్నది సరైన సలహా. కానీ మా అమ్మ ఊరికి బయల్దేరే రోజు పొద్దున్నుంచీ నీళ్ళు తాగదు. బ్యాంకుకి, మార్కెట్‌కి, పెళ్ళికి వెళ్ళినా అంతే. ఎందుకో ప్రతి ఆడమనిషికీ తెలుసు. దారిలో మూత్రానికి వెళ్ళే చోటు ఉండదు, ఉన్నా వెళ్ళేలా ఉండదు. నీళ్ళు తాగే అలవాటు లేకపోవడంలా కనపడేది నిజానికి పెద్ద లెక్క. ఆమె శరీరం ఊరి మ్యాపుని కంఠతా పట్టింది. నీళ్ళ సీసా మీద గంటగంటకీ గీతలు గీసి అమ్మే కంపెనీకి ఆ మ్యాపు తెలియదు.

తిండి కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతానికి రక్తహీనత. దేశం మొత్తంలో ఆడవాళ్ళకి 57 శాతం, మగవాళ్ళకి 25 శాతం. నెలసరి, కాన్పులు దీనికి కొంత కారణం, నిజమే. కానీ చివర తినేవాళ్ళకి గిన్నెలో ఏం మిగులుతుందో కూడా కొంత కారణం. అన్నంతో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరల్లో, పప్పులో ఉన్న ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గిపోతుంది. ఈ రెండు ముక్కలూ చెప్పడం తేలిక. తినీ తినకుండానే లేచి అందరికీ టీ పెట్టి, ఆ టీతోనే తన ఆకలి కూడా చంపుకునే మనిషికి అవి ఎక్కడ పట్టేను?

మనకో సామెత ఉంది. అడగందే అమ్మయినా పెట్టదు. ఈ సామెత అడిగేవాళ్ళకి బుద్ధి చెబుతుంది. దాన్ని తిరగేసి చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. అమ్మ ఎవరినీ అడగదు. ఆవిడకి పెట్టాల్సినవాళ్ళెవరో సామెతలోనే లేరు.

*

ఇప్పుడు అసలు చిక్కు. "నాకేం కాదు బిడ్డా, మీరు తినుండ్రి" అని అమ్మే అంటోంది కదా, ఇంక నువ్వెవరు మధ్యలో?

నైతిక తత్వశాస్త్రంలో ఇది పాత తగువే. మనిషికి తనపట్ల తనకే కొన్ని బాధ్యతలు ఉంటాయన్నాడు కాంట్. 1797లో రాసిన 'మెటాఫిజిక్స్ ఆఫ్ మోరల్స్'లో ఈ మాటలో ఉన్న పేచీని కూడా ఆయనే గుర్తించాడు. అప్పిచ్చినవాడు కావాలంటే అప్పు మాఫీ చెయ్యొచ్చు. మరి అప్పిచ్చింది, తీసుకుంది ఒకరే అయితే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మాఫీ చేసుకోవచ్చు కదా? ఇక అది అప్పెలా అవుతుంది? కాంట్ దీనికి తనదైన సమాధానం చెప్పుకున్నాడు. మార్కస్ సింగర్ మాత్రం 1959లో ఒక వ్యాసం రాసి, అందుకే తనపట్ల తన బాధ్యత అనేదే ఉండదని తేల్చేశాడు.

ఆ వాదం చదివినప్పుడు నాకు మా వంటిల్లే కనపడింది. మన అమ్మలు రోజుకి పదిసార్లు చేసే పని ఈ మాఫీయే. "నాకొద్దులే." "నేను తర్వాత తింటా." "నాకు ఉక్కపొయ్యట్లే." తత్వవేత్తలు ఆ మాఫీ చెల్లుతుందా లేదా అని చూశారు. ఆ మాఫీ వల్ల బాగుపడేది ఎవరని కూడా చూడాలి. అమ్మ తన ముక్కని వదులుకుంటే అది గాలిలోకి పోదు, నా కంచంలోకి వస్తుంది. అమ్మ తన అరగంట వదులుకుంటే అది నా నిద్రలోకి వస్తుంది. అలాంటప్పుడు "ఆవిడే వద్దంది" అని తీర్పు చెప్పే అర్హత నాకు ఉండదు. లాభపడేవాడు సాక్ష్యం చెప్పకూడదు.

ఇంకొకటి. వద్దనే మాటకి విలువ రావాలంటే, కావాలని అనగలిగే వీలు కూడా ఉండాలి. కావాలంటే ఇల్లు ఆగిపోతుందని, నలుగురూ ఏదో అనుకుంటారని తెలిసినచోట వద్దనడం ఎంపిక కాదు. తువ్వాలు కప్పుకోమని అమ్మకి ఎవరూ చెప్పలేదు. తోకలపల్లి లాంటి కమిటీ మెట్టుగూడలో లేదు. ఉండాల్సిన అవసరం రాలేదంతే.

సంరక్షణ గురించి రాసిన జోన్ ట్రాంటో 'మోరల్ బౌండరీస్' (1993)లో దాన్ని నాలుగు మెట్లుగా చెప్పింది. అవసరాన్ని గమనించడం, బాధ్యత తీసుకోవడం, పని చెయ్యడం, చివరికి ఆ సంరక్షణని అవతలి మనిషి అందుకోవడం. చిట్కాల వ్యాసం ఈ నాలుగు మెట్ల మీదా ఒకే మనిషిని నిలబెడుతుంది. ఆమె అవసరాన్ని ఆమే గమనించాలి, ఆమే పూనుకోవాలి, ఆమే చెయ్యాలి, ఆమే అందుకోవాలి. చివర్లో, చెయ్యకపోతే తప్పు కూడా ఆమెదే. ఇందాక ఆ సలహా చేసే పని వేరే ఏదో ఉండాలన్నాను, అది ఇదే. ఇంట్లో మిగతా అందరికీ సెలవిచ్చేస్తుంది.

*

అమ్మని బలిపశువుగా చూపించడం నాకిష్టం లేదు, అది నిజం కూడా కాదు. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లోనే ఆవిడకి ఎక్కువ పని, ఎక్కువ సంతోషం. మామిడికాయలు వస్తాయి. డాబా మీద వడియాలు, అప్పడాలు. ఆవ పొడి ఘాటుకి తుమ్ముతూ, కాయ టెంక గట్టిపడిందో లేదో చూస్తూ, కారం రంగు మీద పక్కింటివాళ్ళతో వాదిస్తూ ఉంటుంది. ఆ నాలుగు రోజులూ ఆవిడని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి 'రెస్ట్ తీసుకో' అంటే అవమానమే. సాయంత్రం మూర మల్లెపూలు తలలో పెట్టుకోవడం ఆవిడ వేసవి స్టైల్, దానికి ఏ పత్రికా సలహా ఇవ్వక్కర్లేదు.

మరి ఇష్టంగా పడే కష్టానికీ, అలవాటుగా పడే కష్టానికీ తేడా ఎలా తెలుస్తుంది? నేను పెట్టుకున్న కొలత ఒకటే. అది ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది? ఒక ఏడాది ఆవకాయ పెట్టకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, బంధువులకి కూడా తెలుస్తుంది, బతిమాలతారు. ఆవిడ మధ్యాహ్నం అన్నం తినకపోతే ఎవరికీ తెలియదు. తెలియని చోటే మనం చూడాలి.

మేము కొన్ని మార్చుకున్నాం. ఇవి చిట్కాలు కావు, ఇల్లు పెట్టుకున్న రూల్స్. పొద్దున్న తొమ్మిదికల్లా పొయ్యి ఆరిపోతుంది, మధ్యాహ్నం ఎవరు ఏది తిన్నా చల్లారిందే తినాలి. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడేసే పని మా ఆయనది, తెల్లారి దాన్లో ఉల్లిపాయ తరిగే పని కూడా. వంటింట్లో కింద, కాళ్ళకి గాలి తగిలేలా ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టాం. మంట కదలదు. రంజన్‌లో నీళ్ళు నింపేది వండని మనిషి. మొదటి కంచం వండినవాళ్ళది, వాళ్ళు కూర్చునేదాకా మిగతావాళ్ళు చెయ్యి పెట్టరు.

ఈ చివరి రూల్ దగ్గర అమ్మ ఎదురు తిరిగింది. "ఇన్నేండ్లు తినమని ఒక్కలన్నా అన్నరా? ఇప్పుడు మీరు తినమంటే తినాల్నా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ త్యాగాన్ని ఒప్పుకోమని అనడం కూడా ఇంకో ఆజ్ఞే అవుతుందా? అవ్వచ్చు. చాలా ఆలోచించాక ఒక్క తేడా మాత్రం దొరికింది. ఆవిడ తినాలా వద్దా అన్నది ఆవిడిష్టం. వడ్డించి ఎదురుచూడటం మా పని. ఆవిడ వద్దనడం వల్ల మాకు ఏ లాభమూ లేకుండా చూసుకోవాలి. అప్పుడు గానీ ఆ వద్దు నిజంగా ఆవిడ మాట అవ్వదు. కొన్నిరోజులు తింటుంది, కొన్నిరోజులు కంచం పక్కకి జరిపి లేచిపోతుంది. ఆ రోజుల్లో మా అన్నాలూ చల్లారిపోతాయి. బెల్ మోగితే తువ్వాలు కోసం ఇప్పటికీ చెయ్యి చాపుతుంది.

ఇదంతా అమ్మ కోసం మాత్రమే కాదు. సెలవుల్లో మా పాప, కింది ఫ్లాటు పిల్లలతో అమ్మానాన్నా ఆట ఆడుతుంది. ఎప్పుడూ అమ్మ వేషం తనదే. ప్లాస్టిక్ గిన్నెల్లో వండి, నాన్నకి, పిల్లలకి, చుట్టాలకి కంచాలు పెడుతుంది. తన కంచం పెట్టుకోదు. ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. అలవాట్లు మనిషికి మనిషిగా రావనీ, ఇంటికి ఇల్లుగా వస్తాయనీ నేను ఇంత పొడుగు రాసి చెప్పిన సంగతి ఆ పిల్లకి ముందే తెలుసు. మొన్న ఆ ఆటలో నాన్న వేషం వేసిన పిల్లాడు, "నీకేదీ?" అని అడిగాడు. పాప కాసేపు ఆలోచించి, "అమ్మలకి తర్వాత" అంది. వాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ చాలాసేపు దెబ్బలాడుకున్నారు. నేను మధ్యలోకి వెళ్ళలేదు.